జున్ను పురుగులూ, లెక్కలేని లోకాలూ

1599 చివరి నెలల్లో రోమ్‌లో, చర్చి మతవిచారణ వ్యవహారాలు చూసే కార్డినల్ సాంతోరి బల్ల మీద రెండు కేసులు నలుగుతున్నాయి. ఒకటి ఆ ఊరి చెరసాలదే. ఏడేళ్ళుగా నిర్బంధంలో ఉన్న మాజీ సన్యాసి, ఐరోపా రాజాస్థానాలూ విశ్వవిద్యాలయాలూ చుట్టివచ్చిన పండితుడు జొర్డానో బ్రూనోది. రెండోది ఇటలీ ఈశాన్యపు కొసన, కొండల దాపున ఉన్న మోంతెరేఆలే అనే పల్లె నుంచి వచ్చింది. అక్కడ పిండిమర నడుపుకునే డొమెనికో స్కాండెల్లాది. ఊళ్ళో అందరూ పిలిచే పేరు మెనోక్కియో. వయసు అరవై ఏడు. అతన్ని విచారించిన స్థానిక మతాధికారికి ఆ ముసలివాణ్ణి చంపించడానికి మనసొప్పడం లేదు. నవంబర్ 13న సాంతోరి మళ్ళీ ఉత్తరం రాశాడు. ఆ పల్లెటూరి మనిషి సంగతి ఇక సాగదీయవద్దని, పోప్ ఎనిమిదో క్లెమెంట్ స్వయంగా కోరుతున్నాడని దాని సారాంశం. ఆ చలికాలం దాటేలోగా పోర్దెనోనేలో మరవాడికీ, రోమ్‌లో పండితుడికీ మరణశిక్ష అమలైంది.

మెనోక్కియో కథను లోకానికి చెప్పిన చరిత్రకారుడు కార్లో గిన్జ్‌బుర్గ్. అతని పుస్తకం 1976లో వచ్చింది. పేరుకు అర్థం 'జున్నూ పురుగులూ' అని. ఈ రెండు మరణాలూ ఒకే సమయానికి రావడం కాకతాళీయమే అయినా, చర్చి అప్పుడు పైవాళ్ళతోనూ కిందివాళ్ళతోనూ ఒకేసారి చేస్తున్న పోరుకు అది గుర్తు అని ఒక్క మాట అని గిన్జ్‌బుర్గ్ ముందుకు వెళ్ళిపోయాడు. నాకు మాత్రం అక్కడే ఆగాలనిపించింది. ఈ ఇద్దరిలో ఎవరి ధిక్కారం లోతైనది? బ్రూనోదేనని అడక్కుండానే జవాబు చెప్పేస్తాం. అంత తేలిగ్గా తేలేది కాదని నా వాదన.

ముందు ఆ ధిక్కారానికి చర్చి పెట్టిన పేరు సంగతి. హెరెసీకి మూలమైన గ్రీకు మాటకు మొదటి అర్థం ఎంపిక. ఒక తత్త్వశాఖను అనుసరించడాన్ని కూడా అలాగే అనేవారు. మన పాషండ శబ్దం నడిచిన దారి కూడా దాదాపు ఇదే. అశోకుడి శాసనాల్లో అది తిట్టు కాదు. ఏ మతశాఖనైనా ఆ పేరుతోనే పిలిచి, ఎవరి పాషండాన్ని వాళ్ళు పొగుడుకుంటూ పక్కవాళ్ళను కించపరచవద్దని చెక్కించాడు. తర్వాతి శాస్త్రకారుల చేతుల్లో పడి అది వేదబాహ్యుల మీద వేసే ముద్ర అయింది. రెండు చోట్లా మాట మారలేదు, దాన్ని పలికే అధికారం మారింది.

బ్రూనో మన పాఠకులకు కొత్తవాడు కాదు. హేతువాద పత్రికల పుణ్యమా అని తెలుగులో రెండు తరాలుగా అతనికి ఒక స్థిరమైన బొమ్మ ఉంది: భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నాడు, చర్చి తగలబెట్టింది. ఆ బొమ్మ తప్పని చెప్పడానికి నాకూ కొంచెం బాధే. కానీ చర్చి కోపర్నికస్ పుస్తకం మీద ఆంక్ష పెట్టింది 1616లో, బ్రూనో పోయిన పదహారేళ్ళకు. బ్రూనో మీద మోపిన నేరాల్లో లెక్కలేనన్ని లోకాలున్నాయన్న మాట ఉన్నమాట నిజమే. దాంతో పాటు త్రిత్వాన్ని శంకించడం, క్రీస్తు దైవత్వాన్ని ఒప్పుకోకపోవడం, మరియ కన్యాత్వాన్ని ఎగతాళి చేయడం, ఆత్మలు ఒక దేహం నుంచి ఇంకో దేహానికి పోతాయనడం కూడా ఉన్నాయి. ఈ చివరిది విని మనవాళ్ళు 'ఇందులో నేరమేముంది' అనుకోవచ్చు. అక్కడ మాత్రం నరకాన్ని కాదనడంతో సమానం.

ఫ్రాన్సెస్ యేట్స్ 1964లో రాసిన పెద్ద పుస్తకం ఈ విజ్ఞాన వీరుడి బొమ్మను ఇంకో వైపు నుంచి పగలగొట్టింది. బ్రూనోను నడిపించింది దుర్భిణి ముందుకాలపు ఖగోళశాస్త్రం కాదని, ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని ఆ రోజుల్లో నమ్మిన హెర్మెటిక్ మాంత్రిక సంప్రదాయమని ఆమె వాదించింది. కోపర్నికస్ చిత్రం కూడా అతనికి గణితం కంటే ఎక్కువగా ఒక యంత్రంలాంటి సంకేతమట. ఆమె కొంచెం అతి చేసిందన్న వాళ్ళున్నారు, నేనూ ఆ గుంపులోనే. బ్రూనో లుక్రీషియస్‌నూ, కూసా నికొలస్‌నూ చదివిన తీరు చూస్తే తర్కం కోసం తర్కం చేసినవాడే కనిపిస్తాడు. కారణం అనంతమైనదైతే కార్యం పరిమితంగా ఎలా ఉంటుంది, దేవుడికి హద్దు లేకపోతే సృష్టికి గోడ ఎవరు కట్టారు అన్నది అతని మూల ప్రశ్న. నక్షత్రాలన్నీ సూర్యుళ్ళే, వాటి చుట్టూ భూములున్నాయి, వాటి మీద ప్రాణులున్నాయి అన్నది ఆ ప్రశ్నకు అతను తీసిన లెక్క.

ఇప్పుడు పిండిమర దగ్గరికి వెళ్దాం. ఇక్కడ ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే అతన్ని చదివినవాళ్ళు మనలో తక్కువ.

మెనోక్కియో 1532లో పుట్టాడు. మర అతని ప్రధాన వృత్తి. వడ్రంగం, కలప కోత, తాపీపని కూడా చేశాడు. పదకొండు మంది పిల్లలు, నలుగురు పోయారు. 1581లో ఊరి పెద్దగా ఉన్నాడు, చర్చి లెక్కలు చూసే బాధ్యత కూడా చేశాడు. అంటే ఊరికి దూరంగా బతికిన వెర్రివాడు కాదు, మన భాషలో నలుగురికీ చెప్పగల మనిషి. చదవడం, రాయడం వచ్చు. మర దగ్గర గింజలు పోసి వంతు కోసం కూర్చునే జనం ఎప్పుడూ ఉంటారు. పిండిమరలో కబుర్లు ఎలా సాగుతాయో చిన్నప్పుడు డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్ళినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ఏళ్ళ తరబడి మాట్లాడాడు. 1583 సెప్టెంబర్‌లో ఫిర్యాదు అందింది, మరుసటి ఫిబ్రవరిలో పట్టుకెళ్ళారు.

విచారణలో అతను చెప్పిన సృష్టి కథ ఇది. మొదట అంతా కలగాపులగం. మట్టి, గాలి, నీరు, నిప్పు ఒక్కటిగా కలిసి ఉన్నాయి. పాలు తోడుకుని జున్ను గడ్డ కట్టినట్టు అందులోంచి ఒక ముద్ద ఏర్పడింది. జున్నులో పురుగులు పుట్టినట్టు అందులో కొన్ని పుట్టాయి, అవే దేవదూతలు. వాళ్ళలో దేవుడూ ఒకడు.

ఇక్కడ తెలుగులో చిన్న చిక్కుంది. ఆ దేశపు ఫోర్మాజ్జోను నిఘంటువులు జున్ను అంటాయి. మన జున్ను ఈనిన గేదె ముర్రుపాలతో బెల్లం, మిరియం వేసి వండేది. పురుగు పట్టేదాకా దాన్ని ఎవరూ మిగల్చరు. వాళ్ళది నెలల తరబడి అల్మారాలో ఎండేది. దాంట్లో పురుగు పడటం రోజూ చూసే సంగతి. పైగా మట్టిలోంచి, మాంసంలోంచి పురుగులు వాటంతటవే పుడతాయని ఆ కాలపు పండితులే నమ్మేవారు. ఇటలీలోనే ఫ్రాన్సెస్కో రెడీ 1668లో మాంసం మీద గుడ్డకప్పి పరీక్షించే వరకు ఆ నమ్మకం కదల్లేదు. కాబట్టి మెనోక్కియో పోలిక వింత కాదు. వంటింటి అల్మారాలో కళ్ళకు కనిపిస్తున్న దాన్ని సాక్ష్యంగా తీసుకుని సృష్టికర్త అవసరం లేని సృష్టిని ఊహించాడు. గడ్డకడుతున్న పదార్థంలోంచే దేవుడు పుడితే, అతను అందరికంటే ముందు పుట్టినవాడవుతాడేమో కానీ అందరికీ కర్త కాలేడు. విచారణాధికారికి గుండె ఝల్లుమన్నది ఇక్కడే.

క్షీరసాగర మథనం గుర్తొచ్చి తీరుతుంది. గిన్జ్‌బుర్గ్‌కూ గుర్తొచ్చింది. సృష్టికి ముందున్న సముద్రాన్ని దేవతలు చిలకగా అది పాలలా గడ్డకట్టడం గురించిన భారతీయ గాథనూ, మధ్య ఆసియా కల్మిక్కుల కథనూ అతను ప్రస్తావించాడు. వేల ఏళ్ళుగా నోటి మాటగా పారుతున్న రైతుల లోకదృష్టి ఏదో అడుగున ఉందనీ, మరవాడి నోట అది పైకి పొంగిందనీ అతని ఊహ. పుస్తకంలో నాకు అన్నిటికంటే బలహీనంగా అనిపించే చోటు ఇదే. పాలు గడ్డకట్టడం పశువులున్న ప్రతి ఊళ్ళో జరుగుతుంది. దానికి గాథ ప్రయాణం చేసి రావాల్సిన పని లేదు. పైగా మన కథలో చిలికేవాళ్ళు ఉన్నారు, తాడుంది, కవ్వముంది, అటు ఇటు లాగే చేతులున్నాయి. మెనోక్కియో పాలు ఎవరూ ముట్టుకోకుండానే తోడుకుంటాయి. అతని ప్రత్యేకత అంతా ఆ ముట్టుకోకపోవడంలోనే ఉంది.

అదే గిన్జ్‌బుర్గ్, మెనోక్కియో చదువును పట్టుకున్న చోట మాత్రం ఎవరూ అందుకోలేని విమర్శకుడు. విచారణలో తేలిన పుస్తకాలు పదకొండు. సగానికి పైగా అరువు తెచ్చినవే. తల్లిభాషలో బైబిలు, బైబిలు కథల సంకలనం ఒకటి (దాన్ని వెనిస్‌లో రెండు సోల్దీలకు కొన్నాడు), ఒక ప్రపంచ చరిత్ర, మాండెవిల్ పేరు మీద చెలామణీ అయిన యాత్రాకథ, బొక్కాచియో 'డెకమెరాన్'. గిన్జ్‌బుర్గ్ ఆ పుస్తకాల్లోని పేజీలనూ, విచారణలో మెనోక్కియో చెప్పినదానినీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏది జారిందో, ఏది ఉబ్బిందో, ఏది తలకిందులైందో చూపించాడు. ఉదాహరణకు మాండెవిల్ కథలో దూరదేశాల మనుషుల వింత ఆచారాలు ఉంటాయి. రాజాస్థానాల్లో దాన్ని కాలక్షేపానికి చదివారు. మెనోక్కియోకు అది నిద్ర పట్టనివ్వలేదు. ఇన్ని జాతులున్నాయి, ఇన్ని నమ్మకాలున్నాయి, ఎవరికి వాళ్ళదే నిజమని తోస్తుంది, మరి మాదే నిజమని ఎలా తెలుస్తుంది? క్రైస్తవుడిగా పుట్టాను గనక క్రైస్తవుడిగా ఉంటున్నాను, టర్కులలో పుడితే టర్కుగానే ఉండాలనుకునేవాణ్ణి అన్నాడు. 1599 నాటి రెండో విచారణలో, ప్రాణం మీదికి వచ్చాక కూడా, 'డెకమెరాన్'లోని మూడు ఉంగరాల కథను విచారణాధికారికే చెప్పాడు. తండ్రి ముగ్గురు కొడుకులకూ ఒకేలాంటి ఉంగరాలిచ్చాడు. అసలుది ఏదో వాళ్ళలో ఎవరికీ తెలియదు. యూదులు, క్రైస్తవులు, ముస్లిములు అలాంటివాళ్ళే అని. నాకు తెలిసినంతలో బొక్కాచియోకు ఇంత ఖరీదు చెల్లించిన పాఠకుడు మరొకడు లేడు.

ఈ చదువుకు బ్రూనో చదువు పూర్తిగా ఎదురుగుండా నిలుస్తుంది. నోలాలో పుట్టి, నేపుల్స్‌లోని డొమినికన్ మఠంలో ఎదిగిన బ్రూనోకు గ్రంథాలయమే ఇల్లు. జ్ఞాపకశక్తి విద్యలో ఐరోపాలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ అతన్ని పిలిపించుకున్నది ఆ విద్య కోసమే, వెనిస్‌లో ఆశ్రయమిచ్చిన మోచెనీగో పిలిచిందీ దాని కోసమే. నేర్పింది చాల్లేదని కోపమొచ్చి 1592 మే నెలలో అతన్ని పట్టించిందీ ఆ మోచెనీగోనే. మనవాళ్ళు అవధానికి ఇచ్చే గౌరవం, అతని మీద పడే అసూయ రెండూ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. మెనోక్కియో మరిచిపోవడం వల్ల కొత్త మాట చెప్పాడు, చదివినది తలలో నలిగి వేరొకటై బయటికొచ్చింది. బ్రూనో ఏదీ మరిచిపోకపోవడం వల్ల కొత్త మాట చెప్పాడు, అన్నీ ఒకేసారి కళ్ళముందు ఉండటంతో వాటి మధ్య పొత్తు కుదరక కొత్త లోకం కట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ తమ మాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదనే అన్నారు. మెనోక్కియో తన బుర్రలోంచే వచ్చిందన్నాడు. బ్రూనో తన సంభాషణల్లో తనను తాను 'నోలావాడు' అని మూడో మనిషిలా పిలుచుకుంటూ కోపర్నికస్‌ను కూడా తనకు ముందొచ్చిన అరుణోదయంగానే లెక్కవేశాడు. గర్వంలో ఇద్దరూ ఒకే ఎత్తు, నవ్వొస్తుంది కూడా.

భాష దగ్గరికొస్తే తేడా ఇంకా పెద్దది. రచయితగా బ్రూనోను మెనోక్కియోతో పోల్చడం అన్యాయం. లండన్‌లో ఉన్న 1584, 85ల్లో అచ్చైన అతని ఆరు ఇటాలియన్ సంభాషణలు ఎగతాళి, బూతు, తర్కం, నాటకం కలిసిన వచనం. బూడిద బుధవారం నాటి విందు గురించిన సంభాషణలో ఆక్స్‌ఫర్డ్ పండితులను అతను ఉతికిన తీరు చదివితే ఏ కాలపు విశ్వవిద్యాలయమైనా గుర్తొస్తుంది. కానీ అదే పుస్తకంలో విందుకు వెళ్ళే దారిలో లండన్ జనం మీద, పడవవాళ్ళ మీద, బురదవీధుల్లో తోసుకుపోయే సామాన్యుల మీద అతను కక్కిన అసహ్యం కూడా ఉంది. అది ఊరికే చిరాకు కాదు. మతమనేది మొరటు జనాన్ని అదుపులో ఉంచడానికి, తత్త్వం తమనూ ఇతరులనూ అదుపులో ఉంచుకోగల కొద్దిమందికి అన్నది అతను దాచుకోని అభిప్రాయం. లెక్కలేని లోకాల్ని తెరిచినవాడు ఈ లోకంలో తలుపు మాత్రం కొంతమందికే తెరిచి పెట్టాడు.

మెనోక్కియోకు ఆ తలుపు మీదే కోపం. విచారణాధికారి ముందు అతను మొదట ఎత్తుకున్న విషయాల్లో ఒకటి లాటిన్. కోర్టు వ్యవహారాలన్నీ లాటిన్‌లో నడపడం పేదవాణ్ణి మోసం చేయడమే, ఏం మాట్లాడుతున్నారో తెలియక నలిగిపోతాడు, నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా వకీలు కావాలి అన్నాడు. సంస్కారాలన్నీ, బాప్తిస్మం దగ్గర నుంచి అంత్యక్రియ దాకా, బేరం సరుకులేనని అన్నాడు. చర్చి ఆస్తుల గురించి, కౌళ్ళ గురించి, పుట్టకముందు నుంచి చచ్చిన తర్వాత దాకా పూజార్ల రాబడి గురించి ఒక్క ఊపిరిలో మాట్లాడాడు. దేవుడు ప్రపంచాన్ని తన చేత్తో చేశాడా అని అడిగితే, ఇల్లు కట్టించేవాడు పనివాళ్ళను పెట్టుకుంటాడు, ఇల్లు ఆయన కట్టాడంటాం కానీ రాయి మోసింది ఎవరో తెలుసుగా అన్న ధోరణిలో జవాబిచ్చాడు. తాపీ పట్టిన చెయ్యి చెప్పిన జవాబు అది. ఇందులో వేదాంతం తప్పులతడకే. అధికారి రెండు ప్రశ్నలు తర్కంగా వేస్తే, దేవుడు ముందా ముద్ద ముందా అన్న దగ్గర అతను తడబడి మాట మార్చాడు. కానీ దేవుడి స్వభావం, కోర్టు భాష, పన్ను, కూలీ, ఇవన్నీ ఒకే గుడ్డకు నాలుగు చెరగులని చూడగలగడం బ్రూనో పుస్తకాల్లో నాకు దొరకలేదు.

అందుకే విచారించినవాళ్ళ ప్రశ్నలు కూడా వేరుగా ఉన్నాయి. బ్రూనో కేసు రోమ్‌లో అన్నేళ్ళు సాగడానికి ఒక కారణం న్యాయాధికారులు అతని పుస్తకాలు తెప్పించుకుని చదవాల్సి రావడం. చదవడమే పని. 1599 జనవరిలో చర్చి వేదాంతి బెల్లార్మిన్ ఎనిమిది ప్రతిపాదనలు తీసి వీటిని వదులుకుంటావా అని అడిగాడు. అంటే పండితుడితో పండితుడు కూర్చుని, వాక్యం వాక్యం బేరమాడాడు. బ్రూనో కూడా బేరమాడినవాడే, అది దాచి అతన్ని పూజించనక్కర్లేదు. వదులుకుంటానన్నాడు, షరతులు పెట్టాడు, పోప్‌కు విన్నపాలు రాశాడు. డిసెంబర్‌లో మాత్రం వదులుకోవాల్సినదేమీ లేదని తేల్చేశాడు. ఆ మలుపు ఎందుకొచ్చిందో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు.

మెనోక్కియోను అడిగింది ఒకటే ప్రశ్న, పదే పదే: నీ వెనక ఎవరున్నారు? పల్లెటూరి మరవాడు స్వయంగా ఇంత ఆలోచించగలడని న్యాయాధికారులు నమ్మలేకపోయారు. రెండోసారి విచారణలో ఆ ప్రశ్నతోనే అతన్ని తాడుకు వేలాడదీశారు. తట్టుకోలేక ఊరి ప్రభువు పేరొకటి చెప్పి, ఆయనకు చదివి వినిపించానన్నాడు. దాన్ని పిరికితనం అనలేను. అతన్ని నిజంగా విన్నవాళ్ళు ఊరంతా. ఆ జాబితా ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తాడు?

ఊరి సంగతి ఇక్కడే చెప్పాలి. 1584లో తప్పు ఒప్పుకుని, జోసెఫ్ అన్నదమ్ముల కథ చెప్పుకుని క్షమాపణ రాసిన తర్వాత, అతనికి యావజ్జీవ చెర, ఒంటి మీద జీవితాంతం శిలువ గుర్తున్న అంగీ శిక్షగా పడ్డాయి. రెండేళ్ళు కావస్తుండగా ఆరోగ్యం చెడి వదిలారు. ఊరు దాటకూడదు, ఈ విషయాలు ఎత్తకూడదు. ఊరు అతన్ని వెలివేస్తుందని మనం అనుకుంటాం. 1590లో మళ్ళీ చర్చి లెక్కల బాధ్యత అప్పగించారు! శిలువ అంగీ తొడుక్కున్న పాషండుడి చేతికి చర్చి తాళాలు. మూడు చర్చీలతోనూ తగవుపడిన బ్రూనోకు ఇలాంటి ఊరు ఒక్కటీ దొరకలేదు: కాథలిక్కుల నుంచి పారిపోయాడు, జెనీవాలో కాల్విన్ అనుచరులు జైల్లో వేశారు, హెల్మ్‌స్టెడ్‌లో లూథర్ అనుచరులు సంఘం నుంచి బహిష్కరించారు. పదహారేళ్ళలో అతను మారిన ఊళ్ళు లెక్కపెడితే, ప్రతి చోటా అతనికి దొరికింది ఒక పోషకుడో, ఒక శిష్యుడో, ఒక అచ్చుయంత్రమో. పొరుగువాడు మాత్రం దొరకలేదు.

మరి పొరుగువాళ్ళున్న మనిషి ఎందుకు మళ్ళీ పట్టుబడ్డాడు? నోరు ఊరుకోక. ఊదీనే పట్టణపు కూడలిలో తెలిసిన ఫిడేలు వాద్యకారుడొకడు కనిపిస్తే కబుర్లలో పడ్డాడు, ఆ కబుర్లు కాస్తా ఫిర్యాదయ్యాయి. ఒకసారి తప్పు ఒప్పుకుని మళ్ళీ అదే తప్పుకు దొరికినవాడికి చర్చి చట్టంలో దయ లేదు. బ్రూనోను చంపింది ఒప్పుకోకపోవడం, మెనోక్కియోను చంపింది ఒప్పుకున్న తర్వాత మాట్లాడటం.

ఇద్దరి మధ్యా నన్ను అన్నిటికంటే కదిలించిన పోలిక ఒకటుంది. ఊళ్ళో మెనోక్కియో అంటుండేవాడట: పోప్ ఎదుటో రాజు ఎదుటో నిలబడి మాట్లాడే అవకాశం వస్తే చాలు, తర్వాత చంపినా బాధలేదని. బ్రూనో వెనిస్ విచారణలో చెప్పుకున్న కోరిక కూడా అదే. పోప్ క్లెమెంట్‌కు ఒక పుస్తకం అంకితమిచ్చి, ఎదుట నిలబడి క్షమాపణ అడిగి, పండితుడిగా రోమ్‌లో బతుకుదామని. తాము నిందిస్తున్న సింహాసనమే తమ మాట వినాలనీ, వింటుందనీ ఇద్దరూ నమ్మారు. ధిక్కారం అంటే అధికారానికి వీపు చూపించడమని మనం అనుకుంటాం. వీళ్ళు చివరిదాకా దాని ముఖంలోకే చూస్తూ మాట్లాడారు. ఆ కోరిక ఒక విధంగా తీరింది కూడా. ఇద్దరి కాగితాలూ క్లెమెంట్ దాకా వెళ్ళాయి.

ఆ కాగితాల తర్వాతి కథ ఇంకా విచిత్రం. బ్రూనో డజన్ల కొద్దీ పుస్తకాలు అచ్చువేశాడు. అతని విచారణ రికార్డు మాత్రం పోయింది. నెపోలియన్ రోమ్ నుంచి పారిస్‌కు బళ్ళకెత్తించిన కాగితాల్లో పోయిందనుకుంటారు. 1940లో దొరికిన ఒక సంగ్రహమే మనకు ఆధారం. మెనోక్కియో ఏదీ అచ్చువేయలేదు. అతని విచారణ మాత్రం ప్రశ్న, జవాబు, నిట్టూర్పు సహా ఉంది. తాడుకు వేలాడుతూ అతను పెట్టిన కేకల్ని కూడా నోటరీ విన్నట్టు విన్నట్టుగా రాసుకున్నాడు. ఆ మనిషి మాటను నాలుగు వందల ఏళ్ళు దాచింది అతని మిత్రులు కారు, అతన్ని చంపినవాళ్ళ ఫైలు. తెలుగువాళ్ళకు ఇక్కడ వేమన గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? గుడిని, రాయిని, పూజారిని అంతే మొరటుగా నిలదీసిన నోరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టాలని చెయ్యి దురద పెడుతుంది. కానీ వేమన పక్కన నోటరీ కూర్చోలేదు. 1829లో బ్రౌన్ దొర అచ్చువేసే నాటికే ఆయన పేరు మీద పద్యాలు ఊరూరా పెరిగిపోయాయి, ఏది ఆయనదో ఏది జనానిదో ఈనాటికీ తేల్చలేం. వేమన జనంలో కలిసిపోయి బతికాడు. మెనోక్కియోను జనం మరిచిపోయారు, ఊదీనే దస్తావేజుల గదిలో దొరికిన కట్ట ఒక చరిత్రకారుడి చేతిలో పడ్డాకే లేచాడు. హింసించేవాడు లేకపోవడం వల్ల ఒకరి మాట కరిగిపోయింది, ఉండటం వల్ల ఇంకొకరి మాట గడ్డకట్టింది. ఇందులో ఏది మేలో చెప్పమంటే నాకు చేతకాదు.

బ్రూనో మరణం గంటల వివరంతో సహా తెలుసు. ఖైదీలకు చివరి ధైర్యం చెప్పే రోమ్ సంఘం ఒకటి తన పుస్తకంలో రాసుకుంది. 1600 ఫిబ్రవరి 17న కాంపో దె ఫియోరి అనే మైదానంలో, బట్టలు విప్పి, కొయ్యకు కట్టి, సజీవంగా కాల్చారు. ఏమీ అనకుండా నాలుకను బిగించారు. అక్కడే 1889లో విగ్రహం నిలబెట్టారు. ముసుగు వేసుకున్న సన్యాసి, చేతుల్లో పుస్తకం. ఏటా ఫిబ్రవరి 17న అక్కడ పూలు పెట్టేవాళ్ళు వస్తారు. మెనోక్కియోను ఏ రోజున చంపారో ఏ కాగితంలోనూ లేదు. 1601 జులైలో ఇంకెవరి మీదో నడిచిన విచారణలో ఒక సాక్షి, ఫలానా స్కాండెల్లాను చంపిన కొన్నాళ్ళకు నేను పోర్దెనోనే వెళ్ళాను అని మాటవరసకు అన్నాడు. అతను పోయాడనడానికి గట్టి సాక్ష్యం అదే.

విగ్రహం చుట్టూ పొద్దున్నే సంత జరుగుతుంది. కూరగాయలు, పూలు, మసాలాలు. జున్ను కూడా.